ఆ ఏడు కాటుకాసురుడు చావలేదు

ఆ రోజుల్లో నేను కువైట్‌లో ఏడాదికొక్కసారి, క్రమం తప్పకుండా, అందరి ఎదుటా చచ్చిపోయేవాణ్ని. మిగతా సంవత్సరమంతా సులైబియాలోని ఒక కూరగాయల గిడ్డంగిలో ఎర్రగడ్డల మూటలు మోసేవాణ్ని (ఉల్లిపాయల్ని మా కడప వైపు ఎర్రగడ్డలంటారు, కన్నీళ్లు మాత్రం ఏ యాసలోనైనా ఒకటే). ఊరినుంచి ఎవరైనా ఫోన్ చేసి అక్కడ ఏం చేస్తుంటావని అడిగితే, "మోస్తుంటాను, మధ్యలో ఒకసారి చస్తుంటాను" అని ఉన్నమాట చెప్పేవాణ్ని. జోకనుకుని నవ్వేవారు. ఇప్పుడు తలచుకుంటే నాకూ నవ్వే వస్తుంది. అప్పుడు మాత్రం నడుము నొప్పి వచ్చేది, ఎందుకంటే చచ్చినప్పుడల్లా వెల్లకిలా పడాలని మా దర్శకులవారి పట్టుదల. బోర్లా పడితే ముఖం కనబడదట. కనబడి ఎవరికి ఉపయోగమో నేనెప్పుడూ అడగలేదు.

సంగతేమిటంటే, అబూ హలీఫా అనే పేటలో మనవాళ్ల సంఘం ఒకటి ఉండేది. ఏటా చలికాలంలో ఒక శుక్రవారం సాయంత్రం, ఒక పెద్ద భవనం కింది అంతస్తులోని హాల్లో వార్షికోత్సవం జరిపేవారు. ప్రార్థన, పిల్లల నాట్యం, సన్మానాలు, మళ్లీ సన్మానాలు, ఆ తర్వాత నాటకం, చిట్టచివర బిర్యానీ. (ఈ వరస అధ్యక్షులవారు బాగా ఆలోచించి పెట్టింది. బిర్యానీ ముందు పెట్టిన ఏడాది నాటకాన్ని ఎలక్ట్రీషియను ఒక్కడే చూశాడట.) నాటకం రాసేదీ, నేర్పేదీ, అయిపోయాక మైకులో మెచ్చుకునేదీ అధ్యక్షులవారే. గోదావరి జిల్లా మనిషి, పెద్ద ఇంజనీరు, మనసు మంచిది, గొంతు ఇంకా పెద్దది. ఆ నాటకంలో ధవళకీర్తి మహారాజు కాటుకాసురుడనే రాక్షసుణ్ని వధిస్తాడు. ఏటా అదే కథ. మారేది తెర రంగొక్కటే. మహారాజు వేషం అధ్యక్షులవారి బావమరిదిది. తెల్లగా, సన్నగా, కిరీటం చెవులమీద ఆనేంత సుకుమారంగా ఉండేవాడు. కాటుకాసురుణ్ని నేను. పాత్రల ఎంపికలో ఎవరికీ తికమక లేదు: ఆ చుట్టుపక్కల ఫ్లాట్ల లిఫ్టు దిగి వచ్చినవాళ్లు రాజులు, సులైబియా బస్సు దిగి వచ్చినవాళ్లు రాక్షసులు. మొదటి ఏడు అధ్యక్షులవారు నా ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అబ్బాయ్, నీకు మేకప్పు ఖర్చే లేదోయ్! దేవుడే వేసి పంపించేశాడు!" అన్నారు. నేనది మెచ్చుకోలు అనుకుని థాంక్స్ కూడా చెప్పాను.

ఆ నాటకానికి నా తరఫున వచ్చే ప్రేక్షకురాలు ఒకే ఒక్కరు, మా అక్క. నాకంటే చాలా ముందే వచ్చి ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. నన్ను తీసుకొచ్చింది కూడా ఆమే. ఆ ఇంటి యజమానురాలిని, అందరు పనివాళ్లలాగే, మామా అని పిలిచేది. ఏటా ఆ ఒక్క శుక్రవారం కోసం మామాను బతిమాలి సెలవు తీసుకుని, జరీ చీర కట్టుకుని వచ్చి, వెనక వరసలో నిలబడి తమ్ముడి చావు చూసి, కళ్లు తుడుచుకుని, బిర్యానీ పొట్లం కట్టించుకుని వెళ్లేది. ఒకసారి మామా, అక్క ఫోనులో తీసిన నాటకం వీడియో చూసి, "మీ తమ్ముడు మంచివాడేగా, ఎందుకు చంపుతున్నారు?" అని అడిగిందట. మరుసటి ఏడు సెలవడిగితే మామా, "ఇంకా చంపుతూనే ఉన్నారా?" అందట.

ఆ ఏడు చలికాలం రాకముందే అక్క ఫోన్ చేసి, "రేయ్ సిన్నోడా, నా ఇఖామా అయిపోతాండాది. ఇంగ తిప్పించుకోను. ఖలాస్, ఇంటికి పోతాండా" అంది (ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం). తనే మళ్లీ, "మీ నాటకం సూసినాక రెండు దినాలకే ఇమానం. ఒగటి అడుగుతా, కాదనద్దు. ఈసారన్నా సావాకురా. ఇన్నేండ్లు ఈ దేశంలో ఉండి నేను ఆకరికి సూసిపోయేది నా తమ్ముడు కిందపడి కాళ్లు కొట్టుకునేదా?" అంది. నేను వెంటనే "సావను లేక్కా" అని మాటిచ్చేశాను. నాటకం నా చేతుల్లో ఉన్నట్టే. నా చేతుల్లో ఉన్నది అట్టతో చేసిన గద ఒక్కటే, అదీ సంఘం ఆస్తి.

అధ్యక్షులవారిని కలిసి, ఈ ఏడు రాక్షసుడు బతికితే ఎలా ఉంటుందని వినయంగా అడిగాను. ఆయన అదిరిపడి, "రాక్షసుడు చావకపోతే ధర్మం ఏమైపోవాలోయ్?" అన్నారు. పోనీ రాజు వేషం ఇప్పించమన్నాను. మార్కెట్లో టమాటా చూసినట్టు నన్ను చూసి, "లైటింగు ప్రాబ్లమొస్తుంది అబ్బాయ్" అని, బాధపడతాననుకున్నారో ఏమో భుజం తట్టి, "అన్నట్టు, మీ గిడ్డంగి గేటు దగ్గర ఆఫ్రికా ఆయనొకడు ఉంటాడు కదా, అతన్నీ తీసుకురా. నీకు సేనాపతి. మాటలేం లేవు. వచ్చి నవ్వాలి, చివర్లో నీతోపాటు పడిపోవాలి. అయ్యబాబోయ్, సీను పండిపోద్ది!" అన్నారు. బతుకుదామని వెళ్లినవాణ్ని, చావడానికి తోడు ఒకణ్ని తెచ్చుకుని వచ్చాను.

ఆ ఆఫ్రికా ఆయన మా రేడియో. ఉగాండా మనిషి, గేటు కాపలా. పెదవులు ఒక్క నిమిషం ఆగేవి కావు, ఎప్పుడూ ఏదో ర్యాప్ పాట లోపల తిరుగుతూనే ఉండేది, అందుకే ఆ పేరు. మా గది మెస్‌లో సభ్యుడు. పప్పు, కారం అన్నీ అలవాటైపోయి, కనబడిన ప్రతివాణ్నీ "ఏమబ్బా" అని పలకరించేవాడు (ఒకసారి కంపెనీ యజమానిని కూడా, ఆయన అదేదో ఉగాండా సలాం అనుకుని తిరిగి "ఏమబ్బా" అన్నాడు). మాతో హిందీ, ఇంగ్లీషు, అరబీ మూడూ కలిపి మాట్లాడేవాడు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, నాకు చేతనైంది ఇదే కాబట్టి. వాడి పాటలు ప్రేమ పాటలు కావు. వాణ్ని చూసి టాక్సీ ఆగకుండా పోవడం, గది అద్దెకుందన్న బోర్డు వీడి ముఖం చూడగానే అద్దెకు లేకుండా పోవడం, ఇలాంటివన్నీ తాళంలో పెట్టేవాడు. "మా దేశంలో ఉన్నన్నాళ్లూ నేను మనిషిని. విమానం దిగాకే తెలిసింది, నల్లవాణ్నని" అని ఒక పాట మొదలుపెట్టేవాడు. ఎవరైనా కళ్లు చెమర్చబోతే వెంటనే రెండో చరణం: "బస్సు నిండా జనం, నా పక్కన మాత్రం ఎవరూ కూర్చోరు. ఒక్క టికెట్టుకు రెండు సీట్లిచ్చిన ఊరికి సలాం!"

ఆ సాయంత్రం మెస్‌లో సేనాపతి వేషం సంగతి చెప్పగానే రేడియో ఎగిరి గంతేశాడు. ఆ తర్వాత, "నన్నే ఎందుకు అడిగారు?" అన్నాడు. నేను నీ పర్సనాలిటీ, నీ గొంతు అని నీళ్లు నములుతుంటే, మా గదిలోనే ఉండే జగిత్యాల మామ, వంట దగ్గర గరిటె తిప్పుతూనే, "ఎందుకేంది బిడ్డా, నల్లగున్నవని పిలిచిండు. వీన్ని గూడ గందుకే పిలిచిండు. నువ్వు జర ఎక్కువ నల్లగున్నవు గాబట్టి నీకు మాటల్లేవు" అని హిందీలో కుండబద్దలు కొట్టాడు. రేడియో నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి చూశాడు. ఏదో గుండెలు పిండే మాట అంటాడని మేమంతా సిద్ధపడ్డాం. "ఏమబ్బా, ఒక విషయం తెలుసా? మా ఊళ్లో నన్ను ఎర్రగా ఉన్నాడంటారు. పెళ్లి సంబంధాలు కూడా ఎక్కువే" అన్నాడు. మామ నవ్వీ నవ్వీ గరిటె పప్పులో వదిలేశాడు.

నవ్వులయ్యాక రేడియో, "వేషం వేద్దాం. పడిపోదాం కూడా. కానీ పడేముందు ఒక్క పాట" అన్నాడు. అక్కకిచ్చిన మాట సంగతి అప్పుడు చెప్పాను. "చావకుండా ఉండటం నా చేతుల్లో లేదు. చచ్చేముందు నోరు తెరవడం మాత్రం ఉంది" అన్నాడు. రచన మొదలైంది. హిప్‌హాప్‌కు వెనక దరువు కావాలట. మా ఊరి చెక్కభజన బృందంలో నేను చిన్నప్పటినుంచి గెంతినవాణ్నే. గజ్జెలు కట్టిన చెక్కలు పెట్టెలో ఉన్నాయి. చెక్కలు నేను కొట్టాను, అట్టపెట్టెలకు అంటించే టేపు మిషన్ కర్రుమనిపించింది రేడియో, వంటగిన్నె మూత మామది. మామ మొదట "మనకెందుకురా గీ లొల్లి, కఫీల్‌కు తెలిస్తె కథ ఖతం" అన్నాడు గానీ (కఫీలంటే మా వీసా చేతిలో పెట్టుకున్న యజమాని), మూత చేతికిచ్చాక దించితే ఒట్టు. చెక్కభజనలో గురువు ఒక చరణం పాడితే తక్కినవాళ్లంతా అదే చరణాన్ని తిరిగి పాడతారని చెప్పినప్పుడు రేడియో నమ్మలేదు. "మేం స్టేజీ మీద నిలబడి, అనండి, నాతో అనండి, అని జనాన్ని బతిమాలుకుంటాం. మీవాళ్లు అడక్కుండానే అంటారా?" అన్నాడు. అనకుండా ఉండలేరని చెప్పాను. కడప మనిషి నిద్రలో భజన విన్నా నిద్రలోనే తిరిగి పాడతాడు.

అధ్యక్షులవారి అనుమతి చాలా తేలిగ్గా దొరికింది. "చచ్చేముందు రాక్షసుడు చెక్కభజన చేస్తాడు సార్" అన్నాను. "రాక్షసుడికి భక్తి! ఆఖరి క్షణంలో పశ్చాత్తాపం! నాకు తట్టలేదు చూశావా!" అని ఆయన మురిసిపోయారు. ఎవరిమీద భజన అని అడగలేదు. నేను చెప్పలేదు.

ఆ శుక్రవారం హాలు కిక్కిరిసింది. ముందు వరస సోఫాల్లో సన్మానాలు అయినవాళ్లు, మెడల్లో శాలువాలు. వాళ్ల వెనక కుర్చీల్లో కుటుంబాలు. గోడలకు ఆనుకుని మా సులైబియా బస్సు జనం, వాళ్లలో సగం కడప, రాజంపేట వైపువాళ్లు. మైకు బాగా వినబడే వెనక మూల వెతుక్కుని మా అక్క నిలబడింది. తెరసందులోంచి చూస్తే అదే జరీ చీర. ఫోను ఎత్తిపట్టుకుని ఉంది, తన కువైటీ మామాకు చూపించాలి కదా.

నాటకం నడిచింది. బావమరిది అట్టకత్తి ఝళిపించాడు. రేడియో సేనాపతిగా వచ్చి నవ్వాడు. ఎంత బాగా నవ్వాడంటే పిల్లలు భయపడకుండా తామూ నవ్వారు, అధ్యక్షులవారికి కోపం వచ్చింది. చివరి సీను. నేను మోకాళ్లమీద, మహారాజు కత్తి నా నెత్తిమీద. అప్పుడు చెక్కలు తీశాను. తెర వెనక మామ మూత అందుకున్నాడు. రేడియో ముందుకొచ్చి ఇంగ్లీషులో బస్సు సీటు చరణం అందుకుని, దాని తోక ఇంకా గాల్లో ఉండగానే నాకు వదిలాడు. నేను మొదలుపెట్టాను:

"లిఫ్టు దిగినోడు రాజంట, బస్సు దిగినోడు రక్కసంట!"

చెప్పాను కదా, కడప మనుషులు. గోడల దగ్గరనుంచి ఒక్క గొంతుతో తిరిగొచ్చింది: "లిఫ్టు దిగినోడు రాజంట, బస్సు దిగినోడు రక్కసంట!" నేను ఊహించనిది ముందు వరస. సోఫాల్లోని పెద్దలు భజన అనగానే కళ్లు మూసుకుని, శాలువాలు సర్దుకుని, చేతులు తడుతూ, భక్తిగా తామూ అందుకున్నారు.

"గేటు కాసినోడు రక్కసంట, గేటు దాటినోడు రాజంట!"

"గేటు దాటినోడు రాజంట..." అని సోఫాలు పాడాయి. గేటు దాటివచ్చిన వాళ్లంతా.

"ఎర్రగడ్డ మోసినోడు రక్కసంట, ఏరుకోని తిన్నోడు రాజంట!
మొగం సూసి ఏసమిస్తిరి, మనసు సూసే అద్దమేదంట!"

ఈ చరణం తిరిగి పాడుతూ పాడుతూ ముందు వరసలో ఒకాయన కళ్లు తెరిచాడు. తాను ఏం పాడుతున్నాడో అర్థమైంది. కానీ తాళం మధ్యలో ఆపడం భజనలో మర్యాద కాదు. కళ్లు తెరుచుకునే పాడాడు. రేడియో గాల్లోకి లేచి దిగుతున్నాడు, మామ మూత సొట్టపోతోంది, పిల్లలు కుర్చీలెక్కారు. నాకు ఒళ్లు తెలియడం లేదు. లేచి నిలబడి, చెక్కలు మోగిస్తూ మహారాజు చుట్టూ తిరిగాను:

"రాజా రాజా ధవళరాజా, కత్తి దించి సెప్పు రాజా,
నేనేం తప్పు జేస్తిని? నేనేం తప్పు జేస్తిని?"

హాలంతా అడిగింది: "నేనేం తప్పు జేస్తిని?" సోఫాలు అడిగాయి, కుర్చీలు అడిగాయి, గోడలు అడిగాయి. చెక్కలు ఆపాను. మహారాజు మాట్లాడాలి.

ఇప్పుడు మీకొక రహస్యం చెప్పాలి. అన్నేళ్లూ ఆడిన ఆ నాటకంలో కాటుకాసురుడు ఏం తప్పు చేశాడో ఎక్కడా లేదు. అధ్యక్షులవారు రాయడం మరిచిపోయారు. రాక్షసుడికి వేరే నేరం ఎందుకని అనుకున్నారో ఏమో. రంగస్థలం మీదికి రావడమే నా నేరం, పడిపోవడమే శిక్ష. నేనుగానీ, బావమరిదిగానీ, ఎవరూ ఆ లోటు గమనించలేదు. పాట రాసినప్పుడు నేను కూడా ప్రాస కోసమే అడిగాను. మహారాజు నావైపు చూశాడు, హాలువైపు చూశాడు, చివరికి తెర పక్కకు తిరిగి, కాలర్‌కు మైకుందన్న సంగతి మరిచి, "ఏం చెప్పమంటారు బావా?" అన్నాడు. తెర పక్కన అధ్యక్షులవారు కాగితాలు గబగబా తిప్పుతున్న చప్పుడు ఆ మైకులోనే అందరికీ వినబడింది. "ఉండవోయ్, చూస్తన్నా... ఉండాలే ఎక్కడో..." అన్నదీ వినబడింది.

అప్పుడు లేచింది వెనకనుంచి మా అక్క గొంతు. "సెప్పు నాయనా! ఏండ్ల తరబడి సంపుతాండారు గదా, మావోడు ఏం జేసినాడో సెప్పి సంపు!"

హాలు పేలిపోయింది. నవ్వులు, ఈలలు, చప్పట్లు. బావమరిది మంచివాడు. ఒక్క క్షణం ఆలోచించి, కత్తి కింద పెట్టి, కిరీటం సర్దుకుని, "నాకూ తెలీదండీ" అని చేతులు జోడించాడు. మూత మళ్లీ మోగింది. మహారాజును మధ్యలో పెట్టుకుని నేనూ రేడియో చెక్కభజన అడుగులు వేశాం. మహారాజు రెండుసార్లు నా కాలు తొక్కాడు, అంతకుమించి ఆ రాత్రి నాపై ఏ దాడీ జరగలేదు. అధ్యక్షులవారు చెమటలు తుడుచుకుంటూ వచ్చి మైకందుకుని, "వర్ణవివక్షపై నేను ఎంతోకాలంగా మథనపడి రాసుకున్న కొత్త ముగింపు ఇది" అని ప్రకటించి, రేడియో మెడలో తన శాలువానే తీసి వేశారు. తెర దిగింది. నేను నిలబడే ఉన్నాను. కువైట్‌లో మొదటిసారి, నిలబడి తెర దిగడం చూశాను. పక్కనుంచి చూస్తే తెర మీద బోలెడన్ని కుట్లున్నాయి.

అక్క నా బుగ్గలమీది చెమట కొంగుతో తుడిచింది. "బతికినావు, సాల్లే" అంది. వెంటనే, "బిర్యానీ అయిపోతాదేమో, యల్లా, పా" అంది. విమానం రోజు గేటు లోపలికి పోతూ కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఫోనులో ఆ వీడియో చూసుకుంటూ పోయింది. మామాకు కూడా పంపిందట. మామానుంచి ఒక్క మాట వచ్చిందట: "ఎట్టకేలకు."

అవన్నీ కొన్నేళ్ల కిందటి మాటలు. రేడియో కంపాలా వెళ్లి పెళ్లి చేసుకున్నాడు (సంబంధాలు నిజంగానే ఎక్కువట), అప్పుడప్పుడు దరువు కట్టి వాయిస్ మెసేజ్ పంపుతాడు, చివర "ఏమబ్బా" అంటాడు. నేను అదే గిడ్డంగిలో ఫోర్‌మన్‌నయ్యాను. నాకో అద్దాల గది, అందులో ఏసీ, ఆ ఏసీ చలువవల్ల ఓ బొజ్జ. మొన్న అధ్యక్షులవారు నన్ను చూసి, "అబ్బాయ్, రంగు తేలావోయ్! ఈ ఏడు ధవళకీర్తివి నువ్వే!" అన్నారు. మరి రాక్షసుడెవరని అడిగాను. "ఆ వేషానికి ఇప్పుడు పోటీ మామూలుగా లేదు. పాటుంది కదా! ఫ్లాట్లవాళ్లంతా మాకంటే మాకంటున్నారు. చివరికి మా బావమరిదికే ఇచ్చా. నలుపు పులమడానికి మేకప్పు మనిషి ఎంత అడుగుతున్నాడో తెలుసా?" అని నిట్టూర్చారు.

కిరీటం గదికి తెచ్చుకుని, పెట్టుకుని, ఫొటో తీసి అక్కకు పంపాను. కాసేపటికి వాయిస్ మెసేజ్‌లో అక్క గొంతు వచ్చింది: "బాగుండావు నాయనా. కిరీటం గూడా అమిరింది. అది సరేగానీ, ఎవుర్ని సంపుతాండావురా?" ఫోను పక్కన పెట్టి అద్దంలోని మహారాజు వైపు చూశాను. అప్పటి కాటుకాసురుడు ఈయన్ని చూస్తే గుర్తుపట్టేవాడు కాదు. "నేనేం తప్పు జేస్తిని?" అని మెల్లగా, చెక్కల్లేకుండా అడిగి చూశాను. ఏం చెప్పాలో ఆయనకూ ఇంకా తెలియలేదు. బొజ్జ లోపలికి పీల్చుకుని, కిరీటం సర్దుకుని, కొంచెం సిగ్గుగా నవ్వాడు.